ఏడో కిటికీ

నా ఉద్యోగంలో మొదటి నియమం:
ఎవరు మాట్లాడినా నేను "నేను" అనే చెప్పాలి.
"ఆవిడ అంటోంది" అనకూడదు.
అందుకని పదకొండేళ్ళుగా
సైగాన్ కాన్సులేట్‌లో, అద్దానికి లోపలి వైపు,
నేను బియ్యం మిల్లు యజమానిని,
బూట్ల ఫ్యాక్టరీలో మూడో వాటాదారుని,
ఒకసారి, ఇరవై నిమిషాలపాటు,
మొగుణ్ణి వదిలేసిన పళ్ళ డాక్టర్ని.

ఈ ఉదయం
ఫాన్ థియెట్ రేవు నుంచి వచ్చిన క్వాక్ థి న్యాన్‌ని.
వయసు యాభై ఎనిమిది.
నెత్తళ్ళు ఉప్పులో ఊరేసి సారం దింపడం వృత్తి.

ఆమె తెచ్చిన ఫైళ్ళు మోచేతి ఎత్తున్నాయి.
ప్రతి కాగితానికీ ఎర్ర ముద్ర, ముద్ర మీద సంతకం.
ఆఫీసరు కుర్రాడు. గడ్డం గీసుకున్నచోట చిన్న గాటు.
మంచివాడే.
"కూర్చోండి" అనబోయి
అటువైపు కుర్చీ లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఈ ఎనిమిది లక్షల డాలర్లు ఎక్కడివి?
ఇల్లు అమ్మాను.
ఇల్లు దేంతో కొన్నారు?
పీపాల మీద మిగిలినదాంతో.
పీపాలు?
మా అత్తగారి గొలుసు అమ్మి.
గొలుసు అమ్మిన రసీదు?

ఆమె అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది,
లేదన్న మాటకి నా దగ్గర
ఇంకేదైనా మంచి మాట ఉందేమోనని.

"అది తొంభై మూడు.
కంసాలి డబ్బు లెక్కపెట్టి తలుపేసుకున్నాడు.
నేను రసీదు అడిగితే
వాడు గొలుసెక్కడిదని అడిగేవాడు."

అంతా చెప్పాను.
ఇంగ్లీషులోకి వచ్చేసరికి
ఉడికిన తోటకూరలా గుప్పెడైంది.

డబ్బుకి పుట్టిల్లు ఉంటుందని వీళ్ళ నమ్మకం.
వెనక్కి, ఇంకా వెనక్కి నడిపించి
ఏదో ఒక తడి రాయి దగ్గర నిలబెట్టి
"ఇదిగో, ఇక్కడే ఊరింది" అనిపించుకోవాలి.
ఆమె అక్కడిదాకా వెళ్ళింది. పాపం, నిజంగానే వెళ్ళింది.
"మూడు పాళ్ళు చేప, ఒక పాలు ఉప్పు,
ఏడాది ఆగడం. అంతే సార్" అంది.
అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.
ఆగడానికి ఆ ఫారంలో గడి లేదు.

వెనక బెంచీ మీద కూతురు, త్రుక్ క్వియెన్,
ఇరవయ్యేళ్ళ పదకొండు నెలలు.
దరఖాస్తు పెట్టినప్పుడు పిలకజడల పిల్ల.
ఇరవై ఒకటి నిండితే ఈ ఫైల్లోంచి జారిపోతుందేమోనని
తల్లి భయం.
చేపనైతే ఎన్నాళ్ళు ఆపితే అంత రుచి.
పిల్లని

సరే. తర్వాతి ప్రశ్న.
మీ డబ్బు పెట్టిన హోటల్ పేరు?
ఆమెకి గుర్తురాలేదు.
"రెండు వందల పన్నెండు గదులు" అంది.
"పదిమందికి పని దొరకాలట.
ఊరు చూడలేదు. మంచు పడుతుందట."
చూడకుండానే ఇచ్చారా?
"బాబూ, మూత బిగించాక
నా పీపాలోకి నేను కూడా
ఏడాదిదాకా తొంగిచూడను."

అంతా చెప్పాను, బాబూ తప్ప.
దానికి నా దగ్గర మాట లేదు.
అతను నవ్వబోయాడు.
ప్రింటర్ లోంచి ఒక కాగితం తీసి
కిటికీ కింది సందులోంచి తోశాడు:
రసీదు, లేదా రసీదుకి బదులు ఇంకేదైనా.
ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టింది,
మళ్ళీ విప్పింది,
మడత పెట్టకూడదేమోనని.

మధ్యాహ్నం వాన.
గేటు దగ్గర గార్డు అన్నం తింటున్నాడు.
అతని వెనక అరలో ఫోన్లు, గొడుగులు,
నలభై ఒకటో నంబరు చీటీతో ఒక సీసా.
లోపలికి ద్రవాలు తేకూడదు కదా.
రుజువుగా తెచ్చిందట,
వెళ్ళేటప్పుడు మరిచిపోయిందో, వద్దనుకుందో.
మూత తీసి ఉంది.

నా చేతిలో ఒక ముద్ద పెట్టాడు.
సముద్రం, ఎండ, చెక్క వాసన,
నాలిక చివర ఎక్కడో కొంచెం తీపి.

"ఎవరు చేశారో గానీ" అన్నాడు గార్డు.

"నేను" అన్నాను,
అలవాటులో.